మా నేలే వాళ్ల కప్పు

ఎడిటర్ గారికి నమస్కారం.

పార్కింగ్ దగ్గర మాటా మాటా పెరిగి కొట్టుకున్నారని, పెంపుడు కుక్క గురించి గొడవపడి పోలీస్ స్టేషన్ దాకా వెళ్లారని మీ పేపర్ సిటీ పేజీల్లో ఏదో ఒక వార్త వస్తూనే ఉంటుంది. ఇంత చిన్న విషయాలకి మనుషులు అంత దూరం ఎందుకు వెళ్తారో అనుకుని పేజీ తిప్పేసేదాన్ని. కిందటేడాది మా ఇంటికే ఆ పరిస్థితి వచ్చింది. కొట్టుకోలేదు, కేసులు పెట్టుకోలేదు, కానీ ఎనిమిది నెలల పాటు కింది ఇంటివాళ్లూ మేమూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అందులో తప్పు మాదే. ఆ సంగతి చెప్పి, మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

మాది దిల్‌సుఖ్‌నగర్ దాటాక లోపలి కాలనీల్లో ఒక అపార్ట్‌మెంట్. ఐదు అంతస్తులు, అంతస్తుకి నాలుగు చొప్పున మొత్తం 20 ఫ్లాట్లు. కట్టి ఇరవై ఏళ్లు దాటింది. మేం 301లో ఉంటాం, మొదట్నుంచీ సొంతిల్లే. మాది నల్గొండ వైపు. కింద 201 వాళ్లది తెనాలి దగ్గర పల్లె, ఫ్లాట్ కొనుక్కుని వచ్చి తొమ్మిదేళ్లయింది. ఆ అమ్మాయి నాకంటే పదిహేనేళ్లు చిన్నది, వచ్చిన మొదటి వారం నుంచే అక్కా అని పిలిచేది. బతుకమ్మ పేర్చడం తనకి అప్పటికి తెలీదు. మొదటి ఏడాది మెట్ల మీద నిలబడి చూసింది, రెండో ఏడాదికి నా పక్కన కూర్చుని గునుగు పూలకి రంగులద్దింది. ఎండాకాలం వాళ్ల అత్తగారు పెట్టే ఆవకాయలో మాకో జాడీ వచ్చేది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మేం ముక్కూమొహం తెలియనివాళ్లం కాదు, అంత బాగున్నవాళ్లమే ఒక నీటి మరక దగ్గర విడిపోయాం.

మరక మొదలైనప్పుడు వాళ్లు మర్యాదగానే చెప్పారు. వాచ్‌మన్ వచ్చి "అమ్మా, కింద బాత్రూంలో పైనుంచి చెమ్మ దిగుతోందంట, ఓసారి చూపించుకోమన్నరు" అన్నాడు. సరేలే, ప్లంబర్ని పిలుద్దాం అన్నాను, పిలవలేదు. ఇంకో నెలకి మళ్లీ చెప్పి పంపారు. అప్పుడు మా అమ్మాయి పురిటికి వచ్చి ఉంది, ఇంట్లో చంటిపిల్ల, ఆ హడావిడిలో పడి మర్చిపోయాను. మూడోసారి ఆ అమ్మాయే లిఫ్ట్ దగ్గర కనపడి "అక్కా, మీరు ఒక్కసారి కిందికొచ్చి చూడండక్కా" అంది. వస్తానమ్మా అన్నాను, వెళ్లలేదు. మా బాత్రూంలోకి తొంగి చూస్తే నేల పొడిగా ఉంది, టైల్స్ శుభ్రంగా ఉన్నాయి, ఎక్కడా పగుల్లేదు. మా కంటికి కనపడలేదు కాబట్టి మేం నమ్మలేదు, అంతే.

ఒక ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చింది. నల్లగా మారిన సీలింగ్, పెచ్చులు లేచిన సున్నం, కింద ఇంగ్లిష్‌లో రెండు లైన్లు: 301 వాళ్లు ఎప్పుడు రిపేర్ చేయిస్తారో చెప్పాలి, మూడుసార్లు చెప్పి విసిగిపోయాం అని. మా ఆయనకి అది చూడగానే తల కొట్టేసినట్టయింది. ఇరవై ఇళ్లవాళ్లు చదువుతున్నారు కదా. వెంటనే "మా బాత్రూంలో లీకేజీ ఏమీ లేదు, పైపులన్నీ దిగే డక్ట్‌లో లైన్ కామన్‌ది, అది అసోసియేషన్ చూసుకోవాలి, అనవసరంగా మమ్మల్ని అనొద్దు" అని పెట్టారు. అవతల్నించి ఆ అమ్మాయి భర్త "అయితే లాయర్ నోటీసే పంపాల్సి ఉంటుంది" అన్నారు. ప్రెసిడెంట్ గారు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నారు. మధ్యాహ్నం అన్నాలు తినడం మానేసి, ఎవరి మెసేజ్‌కి ఎవరెవరు బొటనవేలు పెట్టారో లెక్క చూసుకుంటూ కూర్చున్నాం. 104 ఆవిడ వాళ్ల మెసేజ్‌కి పెట్టిందని ఆవిడతో కూడా మాటలు తగ్గించేశాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు మాత్రం పరువే కనపడింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు. లిఫ్ట్ రెండో అంతస్తులో ఆగితే నేను ఫోన్ చూసుకోవడం, వాళ్లు మెట్ల మీద నుంచి దిగిపోవడం. ఆవకాయ రాలేదు. బతుకమ్మ రోజు ఆ అమ్మాయి ఊరెళ్లింది, కావాలనే వెళ్లిందని నాకు తెలుసు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది వేరే. తొమ్మిదేళ్లు పేరు పెట్టి పిలిచిన మనిషిని మా ఇంట్లో "201 వాళ్లు" అనడం మొదలుపెట్టాం. వాళ్లింట్లో మేం "301 వాళ్లు". వాచ్‌మన్ పిల్లాడు కూడా అలాగే అనడం మొదలుపెట్టాడు. పేరు తీసేసి నంబర్ పెట్టుకున్నాక ఎంత మాటైనా అనడానికి నోరు వచ్చేస్తుంది. మా నోటికి అలాగే వచ్చింది.

ఇంక చాలనిపించింది ఎప్పుడంటే, ఒక రాత్రి కింద ఏదో పడిన చప్పుడైంది. పొద్దున్నే వాచ్‌మన్ భార్య వచ్చి "కింద బాత్రూంల పెచ్చు ఊడి పడ్డదమ్మా, ముసలామె జరసేపటి ముందే బయటికొచ్చింది, లేకుంటే నెత్తి మీదనే పడేది" అని చెప్పింది. నాకు కాళ్లు వణికాయి. మా ఆయనకి కూడా చెప్పకుండా దిగి వెళ్లి తలుపు తట్టాను. తలుపు తీసింది పెద్దావిడే. తిడుతుందేమో అనుకున్నాను. "రా అమ్మా, ఎన్నాళ్లయింది నువ్వొచ్చి" అని పక్కకి జరిగింది.

బాత్రూం చూశాను. సీలింగ్‌లో చేటంత మేర ప్లాస్టర్ ఊడి లోపలి ఇనప రాడ్లు బయటపడి ఉన్నాయి, తుప్పు పట్టి పొరలు పొరలుగా లేస్తున్నాయి. గీజర్‌కి పాలిథీన్ కవర్ చుట్టి పురికొసతో కట్టారు. షాక్ కొడుతుందన్న భయంతో దాని స్విచ్ మీద టేపు అంటించేశారు. అప్పటికి ఐదు నెలలుగా ఆ అమ్మాయి వంటింట్లో పొయ్యి మీద నీళ్లు కాచి, ఆ గిన్నెని మసిగుడ్డతో పట్టుకుని హాల్లోంచి మోసుకెళ్లి అత్తగారి స్నానానికి తొరుపుతోందట. ముంజేతి మీద కాలిన మచ్చ ఉంది, నేను అడగలేదు, తను చెప్పలేదు. కమోడ్ పక్కన ప్లాస్టిక్ టబ్బు పెట్టి ఉంది. మేం అలా నిలబడి ఉండగానే పైన మా ఇంట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది, మా ఆయన స్నానానికి వెళ్లారు. ఐదు నిమిషాలు కూడా కాలేదు, ఒక రాడ్డు చివర నీళ్లు ఊరి, చుక్కయి, టబ్బులో పడింది. తర్వాత ఇంకోటి. ఆ అమ్మాయి నా మొహం వంక చూడకుండా టబ్బుని కొంచెం జరిపింది, చుక్క పడే చోటికి. రోజూ చేసే పనిలా, చేయి దానంతట అదే వెళ్లింది. అది చూశాక నాకు మాట రాలేదు. పైకి వెళ్లి, స్నానం చేసి వచ్చిన మనిషిని తడి తలతోనే కిందికి తీసుకొచ్చాను. ఆయన చూశారు. అక్కడే నిలబడి ఫోన్ తీసి ప్లంబర్‌కి ఫోన్ చేశారు.

ప్లంబర్ వచ్చి చేసింది చాలా మామూలు పని. మా బాత్రూంలో నహానీ ట్రాప్‌కి, అంటే నేల మీది నీళ్లు బయటికి పోయే కన్నానికి, గుడ్డ బిగించి, నేల మీద రెండంగుళాల నీళ్లు నింపి, అందులో కొంచెం రంగు పౌడర్ కలిపి వదిలేశాడు. సాయంత్రానికి కింద రాడ్ల దగ్గర ఎర్ర చుక్కలు పడ్డాయి. డక్ట్‌లో లైన్ బాగానే ఉంది. పోయింది మా నహానీ ట్రాప్ చుట్టూ ఉండే సిమెంటూ, టైల్స్ మధ్య గ్రౌటింగూ. నీళ్లు పైన నిలవకుండా టైల్స్ సందుల్లోంచి దిగిపోయి, స్లాబ్ మీద వేసిన నింపుడులో ఊరి, అక్కణ్నుంచి తాపీగా కిందికి కారుతున్నాయి. అందుకే మా నేల ఎప్పుడు చూసినా పొడిగా ఉండేది. మేం మా నిర్దోషిత్వానికి సాక్ష్యం అనుకున్నదే అసలు జబ్బు. టైల్స్ తీయించి, వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ వేయించి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూసి, మళ్లీ టైల్స్ వేయించేసరికి 42 వేలయింది, పది రోజులు పట్టింది. కింద రాడ్లకి తుప్పు గీకించి, మందు పూయించి, ప్లాస్టర్ చేయించిన ఖర్చు కూడా మేమే పెట్టుకున్నాం. వాళ్లు సగం ఇస్తామన్నారు, పెయింట్ వరకు ఒప్పుకున్నాం. మేస్త్రి పనిచేసిన రెండు రోజులూ ఆ అమ్మాయి భర్త సెలవు పెట్టి దగ్గరుండి చూసుకున్నారు. మొదటి నెలలోనే పిలిచి ఉంటే గ్రౌటింగ్‌తో పోయేది, నాలుగైదు వేల పని అని మేస్త్రే అన్నాడు.

ఇల్లు కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్‌లో "అవిభాజ్య వాటా" అని ఇన్ని గజాల భూమి రాసి ఇస్తారు, మాకు 38 గజాలు రాశారు. అది ఎక్కడుందని అడిగితే ఎవరూ చూపించలేరు, ఎందుకంటే అది 20 ఇళ్ల కిందా కలిసే ఉంది. స్లాబ్ సంగతీ అంతే. మాకూ వాళ్లకీ మధ్య ఉన్నది ఐదంగుళాల కాంక్రీట్. దాని పైభాగం మా నేల, అడుగుభాగం వాళ్ల కప్పు. దాన్లో ఇంతవరకు మాది, ఇక్కణ్నుంచి మీది అని గీత గీయడం ఎవరి తరం? 1987లోనే ఉమ్మడి రాష్ట్రంలో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది, కామన్ ఏరియాలు అందరివీ అని, ఓనర్లంతా అసోసియేషన్ పెట్టుకోవాలని అందులో ఉంది. మా అసోసియేషన్ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరైంది, బైలాస్, అంటే అసోసియేషన్ నియమాలు, కూడా ఉన్నాయి. ఈ గొడవ అయ్యాక ఆ ఫైల్ తీయించి చూస్తే ఇరవై పేజీల ఇంగ్లిష్. ఇన్నేళ్లలో మా 20 ఇళ్లలో ఒక్కరు కూడా అది పూర్తిగా చదవలేదు. సెక్రటరీ గారు కూడా. ఇలా చెమ్మ దిగితే, అదే సీపేజీ వస్తే, ఖర్చు ఎవరిదో అందులో ఒక్క ముక్క లేదు.

మరి మేమేం చేశామంటే, మొన్న సంక్రాంతి తర్వాత మీటింగ్ పెట్టుకుని తెలుగులో రెండు పేజీలు రాసుకున్నాం. ఇంటి లోపలి బాత్రూం, వంటిల్లు, బాల్కనీ నేలల్లోంచి కిందికి కారితే పై ఇంటి ఓనర్ బాధ్యత. డక్ట్‌లో నిలువు లైన్లు, టెర్రస్, బయటి గోడలు అసోసియేషన్ బాధ్యత. ఎక్కణ్నుంచి కారుతోందో తేలకపోతే రంగు నీళ్ల పరీక్ష, దాని ఖర్చు అసోసియేషన్‌ది. వీటన్నిటికంటే ముందు ఇంకో మాట రాసుకున్నాం, నేను పట్టుబట్టి రాయించాను. ఎవరింటి గురించైనా కంప్లైంట్ ఉంటే గ్రూపులో ఫొటో పెట్టకూడదు. సెక్రటరీతో పాటు ఇంకొకరు వచ్చి, ఇద్దరు ఇంటివాళ్లనీ వెంటబెట్టుకుని, రెండిళ్లూ చూడాలి. కిందివాళ్లు పైకెక్కి ఆ నేల చూడాలి, పైవాళ్లు కిందికి దిగి ఆ కప్పు చూడాలి. ఆ తర్వాత కూడా తేలకపోతే అప్పుడు ఎక్కడ ఏం రాసుకున్నా వాళ్ల ఇష్టం. ఇది పెట్టాక మాకు మూడు సీపేజీ కేసులొచ్చాయి, మూడూ వారం పది రోజుల్లో తేలాయి, ఒక్కటీ గ్రూపు దాకా రాలేదు.

కొత్త ఫ్లాట్లలో ఉన్నవాళ్లకి ఇంకో మాట చెప్పాలి, మా బంధువుల అబ్బాయికి ఇలాగే అయింది కాబట్టి తెలుసుకున్నాను. ఇళ్లు కొనేవాళ్ల కోసం తెచ్చిన 2016 రెరా (రియల్ ఎస్టేట్) చట్టంలో ఒక నిబంధన ఉంది, ఇల్లు అప్పగించిన ఐదేళ్ల లోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరే తన ఖర్చుతో సరిచేయాలి. కొత్త బిల్డింగుల్లో కూడా పైవాళ్లూ కిందివాళ్లూ తిట్టుకుంటున్నారు, ఇద్దరూ కలిసి బిల్డర్ని అడగాల్సిన చోట.

అద్దెకుండేవాళ్ల గురించి కూడా రాయాలి, నాకు దాని మీద చాలా బాధగా ఉంది. మా 20 ఫ్లాట్లలో తొమ్మిదింట్లో టెనెంట్లే ఉన్నారు. ఓనర్లలో ముగ్గురు అమెరికాలో, ఒకరు బెంగళూరులో, మిగతావాళ్లు సిటీలోనే ఇంకోచోట. 402లో ఒక చిన్న కుటుంబం ఉంటుంది, భర్త మెడికల్ షాపులో పనిచేస్తాడు. వాళ్ల వంటింటి గోడ మొత్తం చెమ్మ. ఓనర్ డాలస్‌లో ఉంటారు, ఆయనకి పగలయితే మనకి రాత్రి, ఫోన్ చేస్తే వీకెండ్ చూద్దాం అంటారట, ఆ వీకెండ్ రాదు. గోడ పగలగొట్టి బాగు చేయించుకునే హక్కు వీళ్లకి లేదు. సరే మీటింగ్‌లో చెప్పుకుందామంటే జనరల్ బాడీకి ఓనర్లనే పిలుస్తారు. నెల నెలా 2,500 మెయింటెనెన్స్ కట్టేది వీళ్లు, లిఫ్ట్ ఆగినా నీళ్లు రాకపోయినా ఇబ్బందిపడేది వీళ్లు, మాట్లాడేది మాత్రం ఏడాదికోసారి ఊరొచ్చే ఓనర్లు. నేను మీటింగ్‌లో ఈ మాటే అడిగాను. కొందరు ఒప్పుకోలేదు, టెనెంట్లు ఇవాళ ఉంటారు రేపు పోతారు అన్నారు. ఉన్నన్నాళ్లూ ఉండేది ఇక్కడే కదా, వాళ్ల పిల్లలూ మన పిల్లలూ ఒకే సెల్లార్‌లో ఆడుకుంటున్నారు కదా. చివరికి టెనెంట్లు మీటింగ్‌కి వచ్చి మాట్లాడొచ్చు, ఓటు మాత్రం ఓనర్‌దే అని తీర్మానం చేశాం. నాకది సగం న్యాయంగానే అనిపిస్తుంది, అయినా ముందు అదైనా జరిగింది. మొదటి మీటింగ్‌లోనే 402 అబ్బాయి లేచి, టెర్రస్ మీద ట్యాంక్ ఓవర్‌ఫ్లో నీళ్లు వాళ్ల గోడవైపే పారుతున్నాయని చూపించాడు. డాలస్ ఓనర్‌కి దాంతో సంబంధమే లేదు, అది అసోసియేషన్ పని. ఏడాదిన్నరగా ఆ గోడ తడుస్తుంటే మాలో ఒక్కరం పైకెక్కి చూడలేదు.

టు-లెట్ బోర్డుల మీద రాసే రాతలు కూడా మారాలి. ఓన్లీ వెజిటేరియన్స్ అని, బ్యాచిలర్స్‌కి ఇవ్వబడదు అని, ఇంకా ఘోరంగా ఫోన్‌లోనే మీరేమిట్లు అని కులం అడగడం. పక్కింట్లో ఎండు చేపలు వేయిస్తే వాసన రావడం నిజమే, మా ఇంట్లో ఇంగువ పోపు వాసన కూడా వాళ్లకి వెళ్తుంది. పోనీ ఆ అడిగేవాళ్లు, అడిగి పెట్టుకున్నవాళ్లతోనైనా సఖ్యంగా ఉంటున్నారా అంటే అదీ నేను చూడలేదు.

పార్కింగ్ గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిన గోలే. మా సెల్లార్‌లో 13 గీతలు గీసి ఉన్నాయి, ఫ్లాట్లు 20, కార్లు ఇప్పుడు 17. బిల్డర్ కొందరికి విడిగా డబ్బు తీసుకుని "అమ్మాడు". మహారాష్ట్రలోని ఒక సొసైటీ కేసులో 2010 ఆగస్టు 31న సుప్రీంకోర్టు, స్టిల్ట్ పార్కింగ్, అంటే బిల్డింగు కింద స్తంభాల మధ్య వదిలిన పార్కింగ్, ఉమ్మడి స్థలమనీ, దాన్ని బిల్డర్ ఫ్లాట్‌లా విడిగా అమ్ముకోడానికి వీల్లేదనీ తీర్పు చెప్పింది. ఈ మాట మీటింగ్‌లో అంటే డబ్బు కట్టినవాళ్లకి కోపం రావడం సహజం, వాళ్ల దగ్గర రసీదు ఉంది. కోపం తెచ్చుకోవాల్సింది వాళ్ల మీద కాదు, అమ్మిన బిల్డర్ మీద. మేం ప్రస్తుతానికి స్థలం లేని ఏడుగురిలో కారున్నవాళ్లకి, పగలు ఆఫీసుకెళ్లేవాళ్ల జాగాలు వాడుకునేలా ఫోన్ నంబర్లు రాసి సెల్లార్‌లో అంటించాం. రాత్రికి మాత్రం సమస్య అలాగే ఉంది.

శబ్దం కూడా అంతే. కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ అని పరిమితి ఉంది, ఫంక్షన్‌లో సౌండ్ బాక్సులు పెట్టినవాళ్లకి అది చూపించొచ్చు. కానీ రాత్రి తొమ్మిదింటికి పైన రెండేళ్ల పిల్ల అటూ ఇటూ పరిగెత్తితే ఏ నియమం చూపిస్తాం? మా మనవరాలు వచ్చినప్పుడు కింద పెద్దావిడకి నిద్ర ఉండేది కాదని ఇప్పుడు తెలిసింది, అప్పుడు అనలేదు ఆవిడ. ఇప్పుడు హాల్లో బొంత పరుస్తున్నాం, డైనింగ్ కుర్చీల కాళ్లకి రబ్బరు బుష్‌లు వేయించాం, నాలుగు కుర్చీలకీ కలిపి 200 కూడా కాలేదు.

వేసవిలో ట్యాంకర్ డబ్బుల దగ్గర వచ్చే తగవు ఇంకోటి. జీహెచ్‌ఎంసీ పరిధిలో నెలకి 20 వేల లీటర్ల దాకా ఉచిత నీళ్ల పథకం 2021 నుంచి ఉంది కదా, అపార్ట్‌మెంట్లలో దానికి ప్రతి ఫ్లాట్ ఆధార్ లింక్ చేయించుకోవాలి. మా దగ్గర రెండు ఫ్లాట్ల ఓనర్లు దేశంలో లేక చేయించలేదు, వాళ్ల వాటా బిల్లు ఎవరు కట్టాలని ప్రతి రెండు నెలలకీ గొడవ. బోరు ఏప్రిల్‌కి ఎండిపోతుంది, ట్యాంకర్ తెప్పిస్తాం, నలుగురున్న ఇల్లూ ఇద్దరున్న ఇల్లూ సమానంగా ఎందుకివ్వాలని ఇంకో గొడవ. ఈ గొడవలన్నిటిలో దెబ్బతినేది వాచ్‌మన్. మోటార్ ఎందుకు వేశావని ఒకరు, ఎందుకు వేయలేదని ఒకరు. మేం మాట్లాడుకోని ఆ ఎనిమిది నెలలూ మా రెండిళ్ల మధ్య మాటలు మోసింది అతనే. అటు చెప్పినా తప్పే, ఇటు చెప్పినా తప్పే. మెట్ల కింద ఒక్క గదిలో భార్యాపిల్లలతో ఉంటాడు, మా అందరి తిట్లూ ఆ గది దాకా వినపడతాయి. అతనికి మేం క్షమాపణ చెప్పాం, చెప్పాల్సింది కాబట్టి.

కొందరు అంటారు, కోర్టుకెళ్తే తేలుతుంది కదా అని. ఇంటి చెమ్మకి సివిల్ కేసు వేస్తే ఎన్నేళ్లు పడుతుందో అందరికీ తెలుసు, ఈలోపు రాడ్లు తుప్పు పట్టడం ఆగదు. దానికంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకుంటే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. 2023లో పార్లమెంట్ చేసిన మధ్యవర్తిత్వ చట్టంలో కమ్యూనిటీ మీడియేషన్ అని ఒక అధ్యాయమే ఉంది. ఒక ప్రాంతంలో నివాసముండేవాళ్ల మధ్య శాంతి చెడగొట్టే తగాదాల్ని, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే, ముగ్గురు మధ్యవర్తుల దగ్గర పరిష్కరించుకోవచ్చని రాశారు. అది మా కాలనీల దాకా వచ్చినట్టు నాకైతే కనపడలేదు. వస్తే ఎంతో మేలు, ఎందుకంటే మా అపార్ట్‌మెంట్‌లో పెద్దమనిషి అనదగ్గవాళ్లు ఎవరూ లేరు, ఉన్నా వాళ్లూ ఏదో ఒక ఫ్లాట్ వాళ్లే.

నా చిన్నప్పుడు నల్గొండలో మేం నాలుగు వాటాల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ఒకటే బావి, ఒకటే నల్లా. అక్కడ గొడవలు లేవని చెప్పను, బిందెల దగ్గర జుట్లు పట్టుకున్న రోజులున్నాయి. కానీ ఇంటి ఓనరమ్మ అదే ఇంట్లో ముందు వాటాలో ఉండేది, సాయంత్రానికి ఇద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టి తేల్చేసేది. ఎవరి తలుపు అయినా తీసే ఉండేది కాబట్టి ఎవరింట్లో ఏం జరుగుతోందో అందరికీ కనపడేది. ఇప్పుడు ఇనప గ్రిల్లు, దాని వెనక తలుపు, దానికో కెమెరా. నేనూ పెట్టించుకున్నాను, పెట్టించుకోవద్దని అనను, దొంగల భయం ఉంది. అది అలా ఉండగానే వారానికోసారైనా కింద తలుపు తట్టడం నేర్చుకుంటున్నాను.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడగాలనుకున్నది ఇదీ. సిటీలో ఇన్ని అపార్ట్‌మెంట్లు వచ్చాయి, వరంగల్‌లో, విజయవాడలో, వైజాగ్‌లో కూడా వస్తున్నాయి. వీటికి సంబంధించిన చట్టాలు, బైలాస్, నోటీసులు అన్నీ ఇంగ్లిష్‌లోనే. వ్యవసాయానికి ఒక పేజీ ఇస్తున్నారు, ఆరోగ్యానికి ఇస్తున్నారు, వారానికి ఒక అర పేజీ అపార్ట్‌మెంట్ సమస్యలకి కేటాయించి, తెలిసిన లాయర్ గారితో, ఒక సివిల్ ఇంజినీర్ గారితో తెలుగులో జవాబులు రాయించండి. సీపేజీ ఎలా కనిపెట్టాలి, ఖర్చు ఎవరిది, టెనెంట్‌కి ఏ హక్కులున్నాయి, అసోసియేషన్ లెక్కలు ఎలా అడగాలి, ఇవి తెలిస్తే సగం గొడవలు మొదట్లోనే ఆగుతాయి. అలాగే అసోసియేషన్ రిజిస్టర్ చేసేటప్పుడు నమూనా బైలాస్ తెలుగులో ఇవ్వాలని రెండు ప్రభుత్వాలనీ మీరు అడిగితే వింటారు, నాలాంటిదాన్ని అడిగితే వినరు.

మేం రాసుకున్న రెండు పేజీలూ ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. లాయర్ భాష కాదు, తప్పులుంటే దిద్దండి. ఎవరి బిల్డింగుకైనా పనికొస్తాయనిపిస్తే అలాగే వేసేయండి, మా పేర్లు అక్కర్లేదు. చేతిరాత 201 అమ్మాయిది, నాకంటే తన అక్షరాలు బాగుంటాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్